బుగ్గలు నొక్కే హెల్మెట్

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్క రోడ్ల మీద ఫార్ములా-ఇ కార్లు పరుగెత్తాయి. అందరూ కార్లనే చూశారు. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ తలమీది హెల్మెట్‌ని పట్టించుకున్నవాళ్లు తక్కువే. నన్నడిగితే కారుకన్నా అదే ముద్దొచ్చే వస్తువు.

కోనసీమ వాళ్లకి దాని కట్టుబడి చెప్పడం తేలిక. కొబ్బరికాయని తిరగేసి ఊహించుకోండి. కాయకి పీచు పైన, చిప్ప లోపల. చెట్టు మీంచి పడితే దెబ్బంతా పీచే తింటుంది. హెల్మెట్‌కి చిప్ప పైన, దెబ్బ తినేది లోపల. ఆ చిప్ప కార్బన్, అరామిడ్, గాజు పోగుల్ని రెజిన్‌తో పొరలుపొరలుగా అతికి చేసింది. లోపలిది కొత్త టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్ జాతిదే. చులకనగా చూడకండి, అసలు పని దానిదే. తల గుద్దుకున్నప్పుడు అది నలుగుతుంది, ఆ నలగడంలోనే దెబ్బ జోరు చచ్చిపోతుంది. మంచి హెల్మెట్లలో చోటుని బట్టి దాని గట్టితనం మారుస్తారు. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి నిగనిగలాడుతున్నా పనికిరాదు.

ఈ విద్య చావుల నుంచీ గాయాల నుంచీ పుట్టింది. 1956లో అమెరికాలో పీట్ స్నెల్ అనే డ్రైవర్ రేసులో తలకి దెబ్బ తగిలి పోతే, మరుసటి ఏడు అతని పేర స్నెల్ ఫౌండేషన్ వెలిసి హెల్మెట్లని పరీక్షించడం మొదలెట్టింది. 2009లో హంగరీలో ముందు కారు నుంచి ఊడిన స్ప్రింగు ఫార్ములా వన్ డ్రైవర్ ఫెలిపే మాసా హెల్మెట్‌కి తగిలింది. తర్వాత వైజర్ పైఅంచున బలమైన పట్టీ వచ్చింది. ఫార్ములా వన్‌లో 2019 నుంచి తప్పనిసరైన, కారు రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ పెట్టిన 8860-2018 ప్రమాణంలో ఆ పట్టీ చేసే పని చిప్పలోనే కలిసిపోయింది, వైజర్ సందు 10 మిల్లీమీటర్లు కిందికి దిగింది. ఆ పరీక్షలో 225 గ్రాముల లోహపు ముక్కని గంటకి 250 కిలోమీటర్ల వేగంతో హెల్మెట్‌కేసి కొడతారు. 790 డిగ్రీల మంట పెడతారు, మంట తీయగానే హెల్మెట్ తనంతట తనే ఆరిపోవాలి. అమలాపురంలో మోటారుసైకిలుకి కొనుక్కునే ఐఎస్ఐ హెల్మెట్ తన పనికి మంచిదే గాని, కారు రేసుకి చాలదు. అది మంట కోసం చేసింది కాదు.

ఇంత పనితనమూ తలకి అమరకపోతే దండగే. కనుబొమ్మల మీదుగా, తల వెనక ఉబ్బు మీదుగా టేపు తిప్పితే వచ్చే కొలత సగం సంగతే చెబుతుంది. ఇద్దరికీ 58 సెంటీమీటర్లే రావచ్చు, ఒకరిది ముందువెనకలకి సాగిన తల, ఇంకొకరిది గుండ్రటిది. సాగిన తలకి గుండ్రటి హెల్మెట్ పెడితే నుదురు పోటెత్తుతుంది. గుండ్రటి తలకి సాగిన హెల్మెట్ పెడితే కణతలు నొక్కుకుపోతాయి.

రేసులో వేసుకునే మంటనాపే ముసుగు తొడుక్కునే పెట్టి చూడాలి. పట్టీలు రెండువైపులా లాగి తల దూర్చండి. బుగ్గలు పైకి ఉబ్బి, నమలబోతే లోపలి చర్మం పళ్లకి తగిలేలా ఉండాలి. కొత్తవాళ్లు ఇక్కడే బెదిరి ఒక సైజు పెద్దది అడుగుతారు. వద్దు. వాడగా మెత్తలు కొంచెం అణుగుతాయి, బుగ్గ మెత్తలైతే మార్చుకోనూ వచ్చు. హెల్మెట్ పట్టుకుని అటూఇటూ తిప్పితే నుదుటి చర్మం దాంతోపాటే కదలాలి, జారకూడదు. డి రింగుల్లో పట్టీ బిగించాక వెనక నుంచి ఎవరినైనా ముందుకి దొర్లించమనండి. ఊడి వచ్చేస్తే ఆ హెల్మెట్ మీది కాదు. అరగంట అలాగే కూర్చుని తీసి అద్దం చూసుకోండి. ఒక్కచోటే ఎర్రగా కందితే ఆకారం కుదరలేదన్నమాట.

మెడని కాపాడే హాన్స్ పరికరం తగిలించే మరచుట్లు చెవుల వెనక ఉన్నాయో లేవో కూడా చూడండి, తర్వాత మనం బెజ్జాలు వేస్తే ప్రమాణం చెడుతుంది. ఇక రాజోలులో కూర్చుని సైజు నంబరు చూసి ఫోన్లో తెప్పించుకునే ఆలోచన మానండి. చెన్నైయో బెంగుళూరో రైలెక్కడమే మేలు. ఆ పొద్దున మాత్రం తలకి కొబ్బరినూనె రాసుకోకండి, లోపలి గుడ్డ పీల్చేసుకుంటుంది.