బుడుగు నోటితో మాట్లాడిన పిల్ల

పోయిన వేసవిలో ఒక సంకలనం కోసం నా చిన్నతనం గురించి పది పేజీలు రాసివ్వమని ఒక మిత్రురాలు అడిగింది. అదెంత పని అనుకున్నాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, నాలుగు విమర్శ వ్యాసాలు రాశాను, జ్ఞాపకాలు రాయలేనా! కూర్చుంటే నిజంగానే కలం ఆగలేదు. మా నాయనమ్మ, ప్రైవేటు మాస్టారు, దొడ్లో జామచెట్టు, పక్కింటివాళ్ళ కుక్క అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. రాసి పంపించాను. రెండు రోజుల తర్వాత ఆమె ఫోన్ చేసి, “చదువుతున్నంతసేపూ నవ్వానే. కానీ ఇందులో మాట్లాడేది మగపిల్లాడిలా ఉన్నాడేమిటి?” అంది.

నాకు కోపం వచ్చింది. అంతా నేను చేసిన పనులే, నేను తిన్న తిట్లే. ఒక్కటీ కల్పించలేదు. కాగితాలు తీసి మళ్ళీ చదివాను. రెండో పేజీ దాటేసరికి ఆమె అన్నది నిజమేనని తెలిసిపోయింది. ఆ గొంతు నాది కాదు. పెద్దవాళ్ళని ఎగాదిగా చూసి తీర్పు చెప్పే ఆ ధీమా, ప్రతి వాక్యం చివరా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడినట్టుండే ఆ తీరు నేను ఎక్కడినుంచి తెచ్చుకున్నానో పోల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. నా పదిపేజీల నిండా బుడుగు కూర్చుని ఉన్నాడు.

మాది తెనాలి దగ్గర పల్లె. ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉండేది. బల్లల మీద మగవాళ్ళు కూర్చుని పేపర్లు చదివేవారు. ఏడెనిమిదేళ్ళు వచ్చాక ఆడపిల్లలు ఆ గడప తొక్కేవాళ్ళు కాదు. వద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు, అయినా తొక్కేవాళ్ళం కాదు. పుస్తకాలు అన్నయ్య తెచ్చేవాడు. వాడు ఏది తెస్తే అది, వాడు చదివాక నేను. చదివే చోటు కూడా వేరే. వాడు వీధి అరుగుమీద పడుకుని చదివితే నేను వంటింటి గుమ్మంలో, పాలు పొంగకుండా చూస్తూ చదివేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత కూడా కొన్ని కథలు తలచుకుంటే నాకు మాడిన పాల వాసన వస్తుంది.

చందమామ మాత్రం మా వీధిలోనే ఒకరింటికి వచ్చేది. 1947 జులైలో మొదలైన ఆ పత్రికకి మా తెనాలి వైపు వాళ్ళం కాస్త సొంతదారుల్లా మాట్లాడేవాళ్ళం. చక్రపాణిగారిదీ, కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే కదా! కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రికని నడిపించిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మనలో చాలామందికి తేట తెలుగు వాక్యం అంటే ఏమిటో నేర్పింది చందమామే. ఆ రుణం కాదనను. అయితే ఆ కథల్లో నేను ఎవరిగా ఉన్నాను? రాజకుమారుడితో పాటు గుర్రం ఎక్కాను. రాక్షసుడి ప్రాణం ఉన్న చిలకని వెతికాను. చివర్లో అర్ధరాజ్యమూ, దాంతోపాటు రాజుగారి అమ్మాయీ వస్తే వాటినీ నేనే పుచ్చుకున్నాను. ఆ అమ్మాయి నేనన్న ఊహ ఒక్కసారి కూడా రాలేదు. అంత నిశ్చింతగా ఉన్నాను.

బేతాళ కథల్లో ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది. సంస్కృతంనుంచి వచ్చిన పాత బేతాళ కథల్లో మందారవతి కథ ఉంది. ఆమెను ముగ్గురు ప్రేమిస్తారు. ఆమె చనిపోతుంది. ఒకడు చితి బూడిద మీదే పడుకుంటాడు, ఒకడు అస్థికలు గంగకి పట్టుకెళతాడు, మూడోవాడు దేశాలు తిరిగి బతికించే మంత్రం పట్టుకొస్తాడు. ఆమె లేచి కూర్చుంటుంది. ఇప్పుడు ఈమె ఎవరి భార్య? బేతాళుడు ఈ ప్రశ్న విక్రమార్కుణ్ణి అడుగుతాడు. మంత్రం వేసినవాడు తండ్రిలాంటివాడు, అస్థికలు కలిపినవాడు కొడుకులాంటివాడు, బూడిద మీద పడుకున్నవాడే భర్త అని ఆయన తేల్చేస్తాడు. ఎదురుగా ప్రాణంతో కూర్చున్న మనిషిని ఒక్క మాట అడిగితే పోయేదానికి అంత ధర్మమీమాంస! పదేళ్ళ వయసులో నేనూ రాజుగారితో సమానంగా బుర్ర బద్దలుకొట్టుకున్నాను, సరైన జవాబు తట్టినందుకు పొంగిపోయాను. ‘ఆడజన్మ’ నవల రాసిన మనిషి సంపాదకత్వంలో వచ్చిన పత్రికలో ఇలాంటి కథలు అన్ని వచ్చాయేమిటని తర్వాత కాలంలో అనుకున్నాను. అవి ఆయనకంటే వందల ఏళ్ళు పాతవి. తెలివిగల రైతుబిడ్డలూ, గడుసు కోడళ్ళూ కూడా చందమామలో కనిపించకపోలేదు. అన్యాయంగా మాట్లాడకూడదు.

(సోవియట్ పుస్తకాల సంగతి ఇక్కడ ఎత్తను. తల్లి ఇచ్చిన బొమ్మని జేబులో పెట్టుకుని నిప్పుకోసం ఒంటరిగా అడవికి పోయిన వసిలీస గురించి మొదలుపెడితే ఈ వ్యాసం ఇక బుడుగు దగ్గరికి రాదు.)

ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ 1956, 57లలో ఆంధ్ర వారపత్రికలో వచ్చింది. బాపు బొమ్మలు. నేను చదివింది పుస్తకంగా వచ్చాక, అట్ట ఊడిపోయిన ప్రతి. తెలుగులో అంతకుముందు పిల్లల కోసం రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. పిల్లవాడే నోరు తెరిచి పెద్దవాళ్ళ లోకాన్ని ఉతికి ఆరేయడం మాత్రం అక్కడే చూశాను. వాడికి బడి అంటే గిట్టదు, ప్రైవేటు అంటే అసలే గిట్టదు. అమ్మానాన్నల పేర్లు రాధ, గోపాళం అని వాడి నోట్లో ఆడుతూ ఉంటాయి. బాబాయి గుట్టు వాడి దగ్గర ఉంటుంది. నేనూ అన్నయ్యా ఆ పుస్తకాన్ని చదవడం కాదు, బట్టీపట్టి దాంట్లో కాపురం పెట్టాం. ఇంట్లో ఏం మాట్లాడినా బుడుగు భాషే.

ఒకరోజు గుంటూరునుంచి నాన్న మేనమామ వచ్చారు. కుర్చీలో కూర్చుని కాళ్ళూపుతూ మా ఇద్దర్నీ ఎక్కాలు అడగడం మొదలుపెట్టారు. అన్నయ్య, అచ్చంగా బుడుగు ఫక్కీలో, నీకు వస్తే నన్నెందుకు అడుగుతావు తాతా అన్నాడు. ఆయన పడీపడీ నవ్వి, పిడుగురా వీడు అని జేబులోంచి రూపాయి తీసి ఇచ్చారు. మర్నాడు పొద్దున ఆయనే నన్ను వంట వచ్చా అని అడిగారు. నేనూ అదే మాట అన్నాను. మాట మార్చలేదు, ఒత్తు కూడా మార్చలేదు. నాయనమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయి తొడపాశం పెట్టింది. దీనికి చిన్నప్పుడు వస ఎక్కువ పోశారు, రేపు అత్తారింట్లో ఇలాగే వాగితే మన పెంపకాన్ని అంటారు అని అమ్మను కూడా కలిపి తిట్టింది. తొడమీద మచ్చ నాలుగు రోజులు ఉంది.

ఆ తర్వాత నేను బుడుగులా పైకి మాట్లాడటం మానేశాను. లోపల మాత్రం మానలేదు. బడిలో, పెళ్ళిళ్ళలో, చివరికి నా పెళ్ళిచూపుల్లో కూడా తల వంచుకుని కూర్చుని మనసులో ఎదురుగా ఉన్నవాళ్ళందరినీ ఆ భాషలోనే కడిగేసేదాన్ని. అది నాకు ఎంత ఆసరానో చెప్పలేను. ఆ నోరు లేకపోతే నేను రచయిత్రిని అయ్యేదాన్నే కాదేమో. ఒక పుస్తకం ఆడపిల్లకి నోరిచ్చిందని సంతోషించాలా, ఇచ్చిన నోరు మగపిల్లాడిదని బాధపడాలా? ఈ ప్రశ్న దగ్గర నేను చాలాకాలం తచ్చాడాను.

ఇదెలా సాధ్యమైందో ఆలోచిస్తే నాకు మన వ్యాకరణం గుర్తొచ్చింది. తెలుగులో ‘నేను వచ్చాను’ అన్నప్పుడు వచ్చింది ఆడో మగో తెలియదు. హిందీ పిల్లకి ఆ వెసులుబాటు లేదు, నోరు తెరవగానే క్రియ ఆమెను పట్టిచ్చేస్తుంది. తెలుగు పిల్ల బుడుగు చెప్పే ‘నేను’లోకి చడీచప్పుడు లేకుండా దూరిపోగలదు. కానీ ఆ ‘నేను’ దాటి బయటికి వచ్చిన మరుక్షణం కథ మారుతుంది. బుడుగు వచ్చాడు, సీగానపెసూనాంబ వచ్చింది, కుక్క వచ్చింది. మనకీ కుక్కకీ ఒకే క్రియ. ‘నేను’ అన్నంతవరకూ రాజులం, ఇంకొకరు మన గురించి చెప్పగానే ‘అది’. నా చిన్నతనమంతా ఈ రెండు వాక్యాల మధ్య నడిచిందని ఇప్పుడు అనిపిస్తుంది.

సీగానపెసూనాంబ గురించి ఆగి చెప్పాలి. శ్రీ జ్ఞాన ప్రసూనాంబ కాళహస్తి అమ్మవారు. ఆ పేరు పెట్టుకున్న పక్కింటి పిల్ల, తెలుగువాళ్ళకి తెలిసిన అతి ముద్దైన ఆడపిల్ల, మనకి దొరికింది ఒక మగపిల్లాడికి తిరగని నాలిక మీద. ఆమె ఎలా ఉంటుందో బాపు గీశారు, ఏం చేస్తుందో బుడుగు చెప్పాడు. ఆమె తనను తాను ఏమని పిలుచుకునేదో మనకి తెలియదు. ఆమెకి బుడుగు పేరు తిరిగేదా? ఏమని పిలిచేది? ఇక రెండుజెళ్ళ సీత ఉంది. ఆ అమ్మాయికి రెండు జడలూ, వాటి వెంట తిరిగే బాబాయి చూపూ తప్ప ఇంకేమున్నాయని ఏ పిల్లా అడగలేదు, నేనూ అడగలేదు. కాలేజీకి వెళ్ళే రోజుల్లో నా వెంట సైకిళ్ళు వచ్చినప్పుడు కూడా నాకు సీత గుర్తురాలేదు. ఆ పుస్తకంలో నేను బాబాయి పక్షం కదా. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, పక్కింటి మగాయన మాత్రం లావుపాటి పిన్నిగారి ముగుడుగానే చరిత్రలో మిగిలిపోయాడు. ఆ ఒక్కచోట లెక్క తిరగబడింది. అది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మొన్న మళ్ళీ చదివాను. మళ్ళీ నవ్వాను, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను. దీన్ని పితృస్వామ్య సాహిత్యమని ఒక మాటలో పక్కన పెట్టేవాళ్ళు నాకు నచ్చరు. వాళ్ళకి ఆ పుస్తకం పని చేసే తీరు తెలియదు. పిల్లవాడు ఏది అన్నా చెల్లుతుందన్న భరోసా ఉంటేనే ఆ హాస్యం నడుస్తుంది. బుడుగు వీపు మీద పడే దెబ్బలో కూడా మురిపెం ఉంటుంది. తన మాటకి ఎంత చెల్లించాలో ముందే లెక్క వేసుకునే పిల్లకి ఆ వాక్యం అంత తేలిగ్గా సాగదు. ఆమె వాక్యంలో ఎక్కడో ఒక చోట వెనక్కి తిరిగి చూడటం ఉంటుంది. ఆ వెనుచూపు పడిన గొంతు కోసం నేను తెలుగులో వెతికాను.

వెతికితే ముందు దొరికినవన్నీ మళ్ళీ మగపిల్లలే. నామిని మిట్టూరోడు, ఖదీర్‌బాబు దర్గామిట్ట పిల్లాడు, శ్రీరమణ ‘బంగారు మురుగు’లో బామ్మను చూసే మనవడు. వీళ్ళు తెలుగు చిన్నతనాన్ని కోస్తా మధ్యతరగతి లోగిళ్ళనుంచి బయటికి లాగారు, ఆ పని చిన్నదేమీ కాదు. కులం, మతం, ప్రాంతం వాళ్ళతో వచ్చాయి. అక్కలు, చెల్లెళ్ళు మాత్రం ఇంకా వాకిట్లోనే ఉన్నారు. వీళ్ళందరికంటే ముందే, 1973లో, పాకాల యశోదారెడ్డిగారు పాలమూరు మాటలో ‘మావూరి ముచ్చట్లు’ తెచ్చారు. నేను ఎం.ఏ. చదివిన రోజుల్లో ఆ పుస్తకం పేరు క్లాసులో వినలేదు. భాష అర్థం కాదని ఒక పెద్దాయన అన్నట్టు గుర్తు. బుడుగు భాష మాత్రం అందరికీ అర్థమయింది!

సోమరాజు సుశీలగారి ‘ఇల్లేరమ్మ కతలు’ నాకు ఒక సహోద్యోగి ఇచ్చింది. చాలాకాలం అలమరలోనే ఉంచాను. కారణం ఆ పేరే. ఇల్లిల్లూ తిరిగే ఆడదాన్ని మా ఇంట్లో ఇల్లేరమ్మ అని తిట్టేవాళ్ళు, నన్ను మరీ ఎక్కువగా. మగపిల్లాడు ఊరంతా తిరిగితే ఊరి కబుర్లు తెస్తాడు, ఆడపిల్ల తిరిగితే తిట్టు తెచ్చుకుంటుంది. సుశీలగారు ఆ తిట్టునే తీసి అట్టమీద పేరుగా పెట్టారు. ఆవిడ రసాయనశాస్త్రం చదివి పరిశ్రమ నడిపిన మనిషి. ‘చిన్న పరిశ్రమలు పెద్ద కథలు’ చదివినవాళ్ళకి ఆ చూపు ఎంత సూటిదో తెలుసు. 2019లో పోయారు. ఇల్లేరమ్మ చదువుతుంటే మొదటిసారి నాకు ‘నేను’లో దూరాల్సిన అవసరం లేకపోయింది, తలుపు తీసే ఉంది. లోపల పిల్ల ఉంది, ఆడపిల్లే. అల్లరి చేస్తోంది, పైగా దెబ్బలాడుతోంది. ఆడపిల్ల చిన్నతనం అంటే కన్నీళ్ళేనని నమ్మే మన స్త్రీవాద విమర్శకి కూడా ఈ పుస్తకం కాస్త ఇబ్బంది పెడుతుంది, పెట్టాలి కూడా. నాకు అసంతృప్తి లేదా అంటే ఉంది. అక్కడి కష్టాలకి కింద మెత్తటి పరుపు ఉంది. పడినా దెబ్బ తగలని ఇల్లు అది. తిరగడం సరదా కాగలిగిన పిల్ల కథ అది.

తిరగడం పని అయిన పిల్ల గోగు శ్యామల కథలో కనిపించింది. అన్వేషి 2008లో తెచ్చిన పిల్లల కథల వరసలో ఉందది. బాలమణి పొద్దున్నే పొలానికి పోయే పిల్ల, మీద పడబోయిన దొరను ఎదిరించిన పిల్ల. ఆమెకు వచ్చే పేరు తాటకి. రామాయణం విన్న ఏ పిల్లకైనా అంతకుమించిన తిట్టు ఉండదు, ఇక్కడ అది మెచ్చుకోలు. ప్రసూనాంబ పేరు వేరొకరి నాలిక మీద అరిగిపోయింది, ఇల్లేరమ్మ తిట్టుని అట్టకి ఎక్కించుకుంది, బాలమణికి ఆ తిట్టు కిరీటమైంది. ఈ మూడు పుస్తకాలూ నాకు పదేళ్ళప్పుడు పక్కపక్కన దొరికి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవడం నాకు చేతకావడం లేదు. దొరికింది ఒకటే, దాన్నే ప్రేమించాను.

మిత్రురాలికి పంపిన పదిపేజీలు వెనక్కి తీసుకుని మళ్ళీ రాశాను. నాలుగు పేజీలే మిగిలాయి. నవ్వు తగ్గింది, తొడపాశం చేరింది. మేనమామగారి రూపాయి సంగతి రాస్తూ, సరిగ్గా గుర్తుందో లేదోనని అన్నయ్యకి ఫోన్ చేశాను. రూపాయి బాగా గుర్తుందన్నాడు. నాయనమ్మ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది గుర్తులేదట. “ఆ రూపాయితో జీళ్ళు కొని నీకు సగం పెట్టాను కదే” అన్నాడు. నిజమే, పెట్టాడు. అది కూడా రాసుకున్నాను.