ఒకే రూపం, వేర్వేరు పుట్టుకలు: ‘బూట్’ నానార్థాల పరిశీలన

ప్రవేశిక

ఒక పదరూపానికి పలు అర్థాలుండడాన్ని మన నిఘంటు సంప్రదాయం ‘నానార్థం’గా గుర్తించింది. అమరకోశం తృతీయకాండలో నానార్థవర్గం ఉంది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహంలోనూ నానార్థ వర్గు ఉంది. అయితే ఈ ఒక్క పేరు కింద రెండు భిన్నమైన స్థితులు కలిసిపోయాయి. ఒకే పదం కాలక్రమంలో తన అర్థాన్ని విస్తరించుకోవడం మొదటిది. దీనిని ‘అనేకార్థకత’ అనవచ్చు. వేర్వేరు పుట్టుక గల పదాలు ధ్వనిపరిణామం వల్ల ఒకే రూపానికి చేరడం రెండవది, ఇది ‘సమరూపత’. ఈ భేదం నిఘంటుకారునికి మాత్రమే అక్కరకు వచ్చేదా, కావ్యవిమర్శకునికీ అవసరమా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. ఇంగ్లీషులోని ‘బూట్’, ఫ్రెంచిలోని ‘బొత్’ అనే పాదరక్షావాచకాలు ఇందుకు తగిన ఉదాహరణలు.

అర్థవిస్తరణ

పాదరక్ష అనే అర్థంలో ‘బూట్’ మధ్యయుగంలో ప్రాచీన ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ పేరే గుర్రపు బండిలోని ఒక భాగానికి, తరువాత బ్రిటిష్ వాడుకలో కారు వెనుక సామాను పెట్టే చోటికి సంక్రమించింది. తెలుగువారు ఆ చోటిని ‘డిక్కీ’ అంటారు కాబట్టి ఈ అర్థం మన ‘బూటు’కు అబ్బలేదు. కాలితన్ను అనే భావం నుంచి ఉద్యోగంలోంచి తొలగింపు అనే అర్థం ఏర్పడింది. బూటును పైకి లాక్కోవడానికి వెనుక ఉండే పట్టీ ‘బూట్‌స్ట్రాప్’. తన బూటు పట్టీలను తానే పట్టుకొని పైకి లేవడమనే అసాధ్యకల్పన క్రమంగా స్వయంకృషికి సంకేతమైంది. కంప్యూటర్ తనంతట తాను పని మొదలుపెట్టే ప్రక్రియకు ‘బూట్’ అన్న పేరు వచ్చింది ఈ కల్పన నుంచే. ఈ అర్థాలు ఎంత దూరం సాగినా వాటి వెనుక కాలికి తొడిగిన వస్తువు కనిపిస్తూనే ఉంటుంది.

ఫ్రెంచిలోనూ ఇటువంటి విస్తరణ ఉంది. ఒకరి ‘బొత్ కింద’ ఉండడమంటే నిరంకుశాధికారానికి లోబడి ఉండడం. ‘బొత్‌ల చప్పుడు’ యుద్ధానికో సైనిక తిరుగుబాటుకో సూచన. బొత్‌లు నాకడం ముఖస్తుతికి పేరు. అణచివేతను ‘ఉక్కుపాదం మోపడం’గా చెప్పుకొనే తెలుగు పాఠకునికి ఇవి వివరణ అవసరం లేని లక్ష్యార్థాలు.

సమరూపత

ఫ్రెంచిలో ముల్లంగి కట్టనూ గడ్డి మోపునూ కూడా ‘బొత్’ అంటారు. ఇది పాదరక్ష నుంచి విస్తరించిన అర్థం కాదు. మధ్య డచ్చి భాషలో అవిసెనార కట్టను తెలిపే వేరొక మాట. కత్తిసాములో పోటును తెలిపే ‘బొత్’ మూడవది. ఇది దెబ్బ అనే అర్థం గల ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. ఈ మూడూ స్త్రీలింగ నామాలే కాబట్టి వ్యాకరణం వీటిని విడదీయదు, సందర్భమే విడదీయాలి.

ఇంగ్లీషులో ప్రయోజనం, పరిహారం అనే అర్థాలు గల ప్రాచీన పదం ‘బోట్’ కూడా కాలక్రమంలో ‘బూట్’ రూపాన్నే పొందింది. ‘అదనంగా’ అనే అర్థంలో వచ్చే ‘టు బూట్’, ‘నిష్ఫలమైన’ అనే అర్థం గల ‘బూట్‌లెస్’ దాని అవశేషాలు. వీటికి పాదరక్షతో సంబంధం లేదు.

కావ్యప్రయోజనం

పుట్టుకలో సంబంధం లేని ఈ రెండు మాటలనూ షేక్‌స్పియర్ నాలుగవ హెన్రీ నాటకం మొదటి భాగంలో ముఖాముఖి నిలిపాడు. మూడవ అంకం మొదటి రంగంలో, తన మీదికి వచ్చిన హెన్రీ బోలింగ్‌బ్రోక్‌ను మూడుసార్లు ‘బూట్‌లెస్’గా తిప్పి పంపానని గ్లెండోవర్ గొప్పలు పోతాడు. అతని ఉద్దేశం ‘విఫలుణ్ణి చేసి’ అని. హాట్‌స్పర్ దానిని ‘బూట్లు లేకుండా’ అని గ్రహించినట్లు నటించి, ఆ చెడు వాతావరణంలోనా అని ఎగతాళి చేస్తాడు. వక్త ఒక అర్థంలో అన్న మాటను శ్రోత మరొక అర్థానికి తిప్పడాన్ని మమ్మటుడు శ్లేషవక్రోక్తి అన్నాడు. హాట్‌స్పర్ సమాధానం దానికి చక్కని లక్ష్యం. గ్లెండోవర్ వీరాలాపం హాస్యంగా కూలిపోవడానికి కారణం ఈ సమరూపతే.

అర్థం మారితే శబ్దమూ వేరే అవుతుందని ఉద్భటుని సంప్రదాయం భావించింది. ఆ దృష్టితో చూస్తే అనేకార్థకతకూ సమరూపతకూ తేడా మిగలదు. కాని అనువాదకునికి ఆ తేడా ముఖ్యం. అర్థవిస్తరణ అనుభవసామ్యం మీద ఆధారపడుతుంది కాబట్టి మరొక భాషలో దానికి సమానమైనది దొరికే అవకాశం ఉంది. సమరూపత ఆయా భాషల ధ్వనిచరిత్రలో కలిగిన యాదృచ్ఛికత; అది అనువాదంలో నిలవదు.

అయినా ఇక్కడ తెలుగుకు ఒక అరుదైన అవకాశం ఉంది. మన ‘చెప్పు’ కూడా సమరూపమే. పాదరక్షను తెలిపే ‘చెప్పు’కు తమిళంలో ‘చెరుప్పు’, పలకడాన్ని తెలిపే ‘చెప్పు’కు ‘చెప్పు’ సజాతీయాలు. తమిళంలో వేరుగా నిలిచిన రూపాలు తెలుగులో ఒకటయ్యాయి. కనుక గ్లెండోవర్ చేత ‘చెప్పుకోవడానికేమీ మిగలకుండా’ పంపానని అనిపిస్తే, హాట్‌స్పర్ ఆ ‘చెప్పు’ను పట్టుకొని చెప్పుల మీదికి మళ్లించగలడు. ‘నిష్ఫలంగా’ అని అనువదిస్తే అర్థం నిలుస్తుంది గాని రంగం చచ్చిపోతుంది.

ముగింపు

ద్విభాషా నిఘంటువులు పాదరక్షావాచకమైన ‘బూట్’నూ ప్రయోజనవాచకమైన ‘బూట్’నూ వేర్వేరు ఆరోపాలుగా ఇవ్వాలి, ఒకదాని నుంచి మరొకదానికి సూచిక చేర్చాలి. నిఘంటువు వాటిని విడదీయకపోతే షేక్‌స్పియర్ ఏ రెండు మాటలను కలిపాడో పాఠకునికి తెలియదు. విమర్శకుడు తిరిగి వాటిని కలిపి చదవకపోతే, ఎందుకు కలిపాడో తెలియదు. ‘నానార్థం’ అనే మన పాత పేరును విడిచిపెట్టనక్కరలేదు; దాని లోపల ఈ విభజనను స్పష్టం చేసుకుంటే చాలు.