పెండ్లి వ్యయము ఎవరి పాలు?

పెండ్లి వ్యయమును ఎవరు భరింపవలెనను వివాదమున పూర్వాచారపరులును నవీనులును ఒకే సాక్షిని పిలుచుచున్నారు. ఆడుపెండ్లివారు భరించుటయే అనాదియైన ఆచారమని వీరు దానిని కొనియాడుదురు; ఆ ఆచారమును విడిచి చెరిసగము పంచుకొనవలెనని వారు దానిని నిందింతురు. అట్టి ఆచారము ఒకటి నిజముగా నుండెనా యని ఇరువురిలో ఎవరును అడుగరు. ఆ సాక్షిని కొంచెము ప్రశ్నించుట మా ఉద్దేశము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఒకే వీధియందు రెండు మూడు ఆచారములు కాపురము చేయుచున్నవి. బ్రాహ్మణ వైశ్య గృహములలో పెండ్లి కన్యాదాత యింట జరుగును. విడిది, భోజనములు, లాంఛనములు అన్నియు అతని పాలు. సేద్యము చేయు పలు కులములలోనో, మగవారి యింటిముందర పందిరి వేసి, ముహూర్తమును అచ్చటనే జరిపి, విందును మగవారే పెట్టుట పాతవాడుక. పిల్లవారికి ఓలి చెల్లించుటయు నుండెడిది. మన ఓలికి కన్నడమున తెర యనియు, అరవమున పరిసమనియు పేరులు కలవు. ఈ మూడు భాషలును కలిసెడి కుప్పము సీమలో మూడింటను పిల్లవారికి ముట్టెడి సొమ్మునకు పేరున్నదనగా, ఎల్లకాలమును ఆడువారే ఇచ్చిరను మాట నిలువదు.

శాస్త్రమును పిలిచినను ఫలితమిదియే. మనుస్మృతి యెనిమిది విధముల వివాహములను చెప్పి, ధనమిచ్చి కన్యను గొనుటను ఆసురమనెను. ఆర్షమున వరుడు కన్యాపితకు గోమిథునమునిచ్చును. దానిని శుల్కమను వారు కలరనియు, పుచ్చుకొన్నది కొంచెమైనను గొప్పదైనను విక్రయమే యగుననియు ఆ గ్రంథమే హెచ్చరించుచున్నది. పుంగనూరి పొట్టియావు నేడు లక్షల వెల పలుకుచున్నది గనుక, ఆర్షవిధిని పునరుద్ధరింపుడని మన పూర్వాచారపరులు వరుల తండ్రులకు బోధింపకుండుట వింత కాదు! ఇక బ్రాహ్మవిధిలో తండ్రి కన్యను అలంకరించి ఇచ్చునని యున్నదేగాని, వేయిమందికి విందు పెట్టవలెనని లేదు. ఇంతకు తగ్గిన ఒల్లనని వరుడు పట్టుపట్టవచ్చుననియు లేదు. దానముతో నిచ్చెడి దక్షిణ దాత శక్తిననుసరించునది. పుచ్చుకొనువాడే నిర్ణయించినపుడు అది దక్షిణ గాదు, వెల.

ఈ వెలను మన నాటకకర్తలు చక్కగా పట్టిరి. గురజాడవారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో కొత్తరూపము దాల్చెను. అందు అగ్నిహోత్రావధానులు పసికూతురును ముసలి లుబ్ధావధానులకు అమ్మజూచును. కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయమున, 1939లో చలనచిత్రముగా వచ్చిన కథయే, కట్నమునకై తండ్రి పడు పాట్లు చూడలేక కాళింది ప్రాణము విడుచును; చెల్లెలు కమల వెలయిచ్చి కొన్న వరుడు తమ సొత్తేగదా యని నిలదీయును. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, సొమ్ము పారెడి దిక్కు తిరిగినదేగాని పద్ధతి మారలేదని తెలియును. బేరమాడువారు పెద్దలు, మూల్యము చెల్లించునది పిల్ల. కమల వాదము విక్రేతను వానిమాటతోనే బంధించును. అది దాని సొగసు. కాని అది విక్రయమును వెక్కిరించునేగాని పెండ్లిని విక్రయమునుండి విడిపింపదు. వెలను గూర్చిన ప్రశ్న అచ్చట ముగిసినను, విందును గూర్చిన ప్రశ్న మనకు మిగిలినది.

చట్టమును ఇట్టిదే. ఆంధ్రప్రదేశము 1958లో వరకట్న నిషేధ శాసనము చేసికొనెను. 1961 నాటి కేంద్రశాసనము దానిని రద్దుచేసి దేశమంతటికి వర్తించెను. ఆ నిర్వచనమున ఆస్తి, విలువగల పత్రము అను మాటలున్నవి. మండపపు అద్దె, విస్తరి, విద్యుద్దీపముల తోరణము అను మాటలు లేవు. కావుననే 'మాకు కట్నమక్కరలేదు, పెండ్లి మాత్రము ఘనముగా చేయుడు' అను నూతన వాక్యము పుట్టినది. దీనిని సంస్కారమని మెచ్చువారు కలరు. మేము మెచ్చజాలము. ఒకరి గౌరవమునకు మరియొకరు అప్పుచేయుట కట్నము యొక్క మారువేషమే.

చెరిసగము మేలుగదా యందురు. చూచుటకు న్యాయముగనే యున్నది. కాని టమాటధర ఒక నెల ఆకాశమంటి మరునెల నేలబడెడి మదనపల్లె రైతును, నెలజీతము తప్పని బెంగుళూరు ఉద్యోగిని ఒకే సగమునకు కట్టివేయుట సమానత్వమా? ఒకరి బంధువులు ఐదువందలు, ఒకరివారు నూరుగురు అయినపుడు సగమనగా ఏమి? మరియు చదివింపుల సంగతి యున్నది. అరవవారి మొయి, కన్నడిగుల ముయ్యి, మన చదివింపులు అన్నియు తిరిగి తీర్పవలసిన బదుళ్ళే. విందు ఒకరు పెట్టగా చదివింపులు వేరొకరి పద్దున చేరినచో, ఖర్చును పంచుకొంటిమనుట లెక్కతప్పు.

అన్నిటికంటె పెద్ద లెక్కతప్పు వేరొకటి కలదు. ఉమ్మడి ఆస్తిలో అవివాహితయైన కుమార్తెకు కుమారునితో సమానమగు హక్కును ఆంధ్రప్రదేశము 1986 నాటి సవరణచే, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు ఇచ్చెను. కట్నమను దురాచారమును తొలగించుట దాని యుద్దేశములలో నొకటి. 2005లో కేంద్రశాసనము ఆ సమానత్వమును దేశమంతట వ్యాపింపజేసెను. అయినను 'నీ పెండ్లికి పెట్టినదే నీ వాటా' యని చెప్పి కూతురిచే విడుదల పత్రముపై సంతకము చేయించెడి తండ్రులు నేటికిని కలరు. ఆమె వాటాను తినిపోయినవారు అతిథులు; ఆమెకు మిగిలినది ఛాయాచిత్రముల పుస్తకము! విందు వ్యయమును కూతురి పద్దున వ్రాయుట ధర్మమును గాదు, గణితమును గాదు.

కావున మా సిద్ధాంతమిది. ఏ వ్యయమును ఎవరు కోరిరో వారే భరింపవలెను. ఎవరి అతిథులకు వారే అన్నము పెట్టవలెను. అప్పుచేయక జరుపలేని యాడంబరమును ఇరువురును మానవలెను. కూతురికి ఇచ్చునది ఆమె పేరనే, పెండ్లిలెక్కతో కలుపక ఇయ్యవలెను. బహుమతుల పట్టికను వధూవరులు వ్రాసియుంచుకొనవలెనని 1985 నాటి నియమములు చెప్పుచున్నవి; ఆ కాగితమును శుభలేఖవలె భద్రపరుపవలెను. వధూవరులు క్లుప్తముగా చేసికొందుమన్నచో, 1954 నాటి ప్రత్యేక వివాహశాసనము ముప్పది దినముల నోటీసుతో వారికి దారి చూపుచున్నది. పెద్దలు అడ్డు నిలువరాదు.

ఎవరు భరింపవలెనని అడుగుటకు ముందు ఎవరు నిర్ణయించిరని అడుగుడు. చదువరులు తమ యింట రాబోవు పెండ్లికి ముహూర్తము పెట్టించుటకు ముందే ఈ ప్రశ్నను ఇరువైపుల పెద్దలయెదుట, పిల్లయెదుట కూడ ఉంచవలెనని మా మనవి.