ఫ్రాన్సిస్ కెరె వాస్తుకళ: గాండో పాఠశాల

కట్టడము యొక్క గుణదోషములను నిర్ణయించుటకు దాని ఛాయాచిత్రము చాలదు. దినమెల్ల అందు గడపువారికి అది చేయుచున్న మేలెట్టిదో విచారింపవలెను. ఈ ప్రమాణముతో చూచినచో, 2022లో ప్రిట్జ్‌కర్ బహుమానమందిన తొలి ఆఫ్రికా వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ కెరె నిర్మాణములలో ఆయన మొదటి కట్టడమే ముఖ్యమైనదని తోచును.

కెరె 1965లో, నేడు బుర్కినా ఫాసో అనబడు పశ్చిమాఫ్రికా దేశమున, గాండో గ్రామములో జన్మించెను. ఊర బడి లేనందున ఏడవయేటనే ఇల్లు విడిచి పట్టణమున చదువవలసివచ్చెను. తరువాత వడ్రంగము నేర్చుటకు జర్మనీ వెళ్ళి, బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయమున వాస్తువిద్య నభ్యసించెను. ఆ విద్య ముగియకమునుపే విరాళములు కూర్చి, 2001 నాటికి స్వగ్రామమున ప్రాథమిక పాఠశాలను కట్టించెను. దానికి 2004లో ఆగాఖాన్ పురస్కారము లభించినది.

ఆ బడి రచన మిక్కిలి సరళము. మూడు గదులు, వాని నడుమ నీడగల ఖాళీస్థలములు. గోడలు సిమెంటు కొంచెము కలిపి అచ్చు వేసిన మట్టి ఇటుకలవి. గదులపై సందులు గల ఇటుక కప్పు. దానికి ఎడముగా, ఇనుప చువ్వల దూలములపై నిలిచిన రేకుల కప్పు. ఎండకు రేకు కాగినను ఆ వేడి గదిలోనికి దిగదు. లోని వేడిగాలి సందుల గుండ పైకి పోవుచుండగా కిటికీల నుండి చల్లగాలి వచ్చుచుండును. వెడల్పైన చూరు మట్టిగోడను వాననుండి కాపాడును. ప్రయోజనమే రూపమునకు మూలమను ఆధునిక వాస్తుకళా సూత్రమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు. ఇచట కేవలము అలంకారార్థమై చేర్చినది ఏదియు లేదు.

మట్టి వానకు నిలువదని గ్రామస్థులు మొదట శంకించిరి. మట్టి పేదరికమునకు, సిమెంటు అభివృద్ధికి గుర్తులని తలచుట ఆ ఒక్క ఊరి దోషము కాదు. కెరె వారినే పనిలో చేర్చుకొనెను. పిల్లలు పునాదిరాళ్ళు, స్త్రీలు నీరు తెచ్చిరి; యువకులు ఇటుకపని నేర్చిరి. నేర్చిన పని ఊర నిలిచి, ఉపాధ్యాయుల ఇండ్లకును బడి విస్తరణకును అక్కరకు వచ్చెను. 120 మంది విద్యార్థులు 700 మందియైరి.

అయినను ఈ బడి అంతయు స్థానికమేయనుట అతిశయోక్తి. ధనము, ఇనుము, సిమెంటు బయటనుండి వచ్చినవే. 2017లో లండన్‌లో కెరె నిర్మించిన సర్పెంటైన్ మంటపము మరియొక సందేహమును కలిగించును. చెట్టును తలపించు ఆ కప్పు వాననీటిని నడుమకు చేర్చుట రమ్యమే. కాని గాండోలో కప్పు పిల్లల చదువునకు ఆధారము. లండన్‌లో అది విహారులకు వినోదము. రూపము సముద్రము దాటినది. అవసరము ఊరనే మిగిలినది.

కావున కెరె ఘనతను ఆయన కప్పుల ఆకృతిలో వెదకుట పొరపాటు. ఊరి బిడ్డడు పరదేశమున గడించిన విద్యను ఊరివారి చేతులలో పెట్టెను. అతడు లేనప్పుడును ఆ చేతులు గోడ కట్టగలిగినచో, అదియే ఆ శిల్పమునకు సార్థకత.