వెలుతురు ఎక్కడ మారింది?

రా ఫైల్‌ను ఓపిగ్గా దిద్ది, నీడల్లో దాగిన వివరాన్ని బయటికి తీసి, ముఖాల మీద వెలుగు సరిచూసుకుని ఎక్స్‌పోర్ట్ చేస్తారు. అదే ఫొటోను ఫోన్‌లో తెరిస్తే చీకటిగా ఉంటుంది, కొన్నిసార్లు వెలిసిపోయినట్టు ఉంటుంది. చాలామంది నెపం సాఫ్ట్‌వేర్ మీద వేస్తారు, లేదా ఎక్స్‌పోజర్ కాస్త పెంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తారు. రెండూ తొందరపాటే. పని చేసేచోట ఒకలా, చివరికి చూసేచోట మరొకలా కనిపించే వెలుతురుతో ఫొటోగ్రాఫర్ల పెనుగులాట చాలా పాతది. డార్క్‌రూమ్ ప్రింటర్లు దానికోసం ఒక క్రమశిక్షణ ఏర్పరచుకున్నారు: మార్పు ఏ దశలో వచ్చిందో ముందు కనిపెట్టాలి, తర్వాత ఆ దశకు సరిపడా మాత్రమే సవరించాలి. ఎక్స్‌పోర్ట్ చిక్కుకు ఇవాళ్టికీ ఇంతకన్నా మంచి మందు లేదని నా అభిప్రాయం.

ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన కాలంలో ఫొటోలు ఎక్కువగా ఆల్బుమెన్ కాగితం మీదే వచ్చేవి. ఫ్రేమ్‌లో గాజు నెగెటివ్ కింద కాగితం పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ కళ్లముందే తేలుతుంది. ఫ్రేమ్ వెనక తలుపు సగం తెరిచి ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. కానీ చూడ్డానికి బాగుందనిపించిన క్షణంలో ఆపేస్తే ప్రింటు పాడైనట్టే. ఆ తర్వాత బంగారు లవణాలతో టోనింగ్, ఆపైన ఫిక్సింగ్ చేసినప్పుడు బొమ్మ తేలికపడుతుంది కాబట్టి కావలసినదానికన్నా నల్లగా వచ్చేదాకా ఎండలోనే ఉంచేవారు. తర్వాత వచ్చిన సిల్వర్ జెలటిన్ కాగితం స్వభావం దీనికి సరిగ్గా ఎదురు. ట్రేలో తడిగా ఉన్నప్పుడు తెలుపులు మెరుస్తాయి, ఆరాక ప్రింటు ఒక పిసరు నల్లబడుతుంది. దీన్నే డ్రై-డౌన్ అన్నారు. ఈ కాగితానికి ఎక్స్‌పోజర్ కొన్ని శాతం తగ్గించాలి. ఎంత తగ్గించాలన్నది కాగితాన్ని బట్టి ఉంటుంది. అందుకే టెస్ట్ స్ట్రిప్ వేసి, పూర్తిగా ఆరాకే తీర్పు చెప్పేవారు. ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అయితే టెస్ట్ ప్రింటును మైక్రోవేవ్ ఓవెన్‌లో ఆరబెట్టి మరీ చూసేవారు. ఒక కాగితానికి ఎక్కువ, ఇంకో కాగితానికి తక్కువ కావాలి. ఎప్పుడూ ఇంత కలపండి అనే సూత్రం ఆ వృత్తిలో ఏనాడూ లేదు.

అవి రసాయనాలు, ఇవి అంకెలు, అంకెలు తడవవు ఆరవు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే రా ఫైల్ ఇంకా బొమ్మ కాదు. సాధారణంగా 12 లేదా 14 బిట్లలో నమోదైన సెన్సర్ కొలతల మూట అది. చాలా కెమెరాల్లో ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగునే కొలుస్తుంది. తెర మీద మనం చూసేది ఆ కొలతలకు సాఫ్ట్‌వేర్ చెప్పిన భాష్యం. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌లోని అంకెలకు కూడా అర్థం చెప్పేది కలర్ ప్రొఫైలే. అంకెలను వెలుగుగా మార్చే గామా ప్రోఫొటో ఆర్‌జీబీ ప్రొఫైల్‌లో 1.8, ఎస్‌ఆర్‌జీబీలో సుమారు 2.2. ప్రోఫొటోలో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫొటోను ప్రొఫైల్ పట్టించుకోని యాప్‌లో తెరిస్తే, అంకె ఒక్కటి కూడా మారకుండానే బొమ్మ నల్లబడి రంగులు చప్పబడతాయి. సైజు తగ్గించడంలోనూ తేడా వస్తుంది. పక్కపక్కనే ఉన్న నలుపు, తెలుపు సన్నగీతలను కాంతి లెక్కన సగటు తీస్తే ఎస్‌ఆర్‌జీబీలో 188 వస్తుంది. ఫైల్‌లోని అంకెలనే నేరుగా సగటు తీస్తే 128 దగ్గర ఆగిపోతుంది. జరీ నేత, ఆకుల గుబురు లాంటి సన్నటి అల్లికలున్న చోట ఈ తేడా కంటికి తగులుతుంది. డార్క్‌టేబుల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఎడిటింగ్ తెర వేగం కోసం చిన్న నకలు మీద లెక్కలు వేస్తుంది, ఎక్స్‌పోర్ట్‌లో పూర్తి సైజు మీద వేయవచ్చు. నాయిస్ తగ్గింపు, షార్పెనింగ్ గట్టిగా వాడిన ఫొటోల్లో ఫలితం వేరుగా రావడానికి ఇదొక కారణం.

ఇన్ని కారణాల్లో మనదేదో తేల్చడానికి టెస్ట్ స్ట్రిప్‌కు సాటివచ్చే పరీక్ష ఒకటుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన జేపెగ్‌ను తిరిగి అదే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, అదే తెర మీద, అదే జూమ్‌లో దిద్దిన రా పక్కన పెట్టాలి. రెండింటిలో ఒకే చోట కర్సర్ ఉంచి రంగుల విలువలు చదవాలి. విలువలు తేడాగా ఉంటే దోషం ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో ఉంది: ప్రొఫైల్, సైజు, షార్పెనింగ్ వరసగా చూసుకోవాలి. విలువలు కలిస్తే ఎక్స్‌పోర్ట్ నిర్దోషి, తేడా చూసేచోట ఉంది. ఫోల్డర్‌లో రా ఫైల్ మీద కనిపించే చిన్న బొమ్మతో పోల్చడం మాత్రం దండగ. అది చాలావరకు కెమెరా తానే తయారుచేసి లోపల పెట్టిన జేపెగ్, మన దిద్దుబాట్లు దానికి తెలియవు. ఇక చూసేచోటు విషయానికొస్తే, ఫోన్ ఆటో బ్రైట్‌నెస్ ఒక్కటే కాదు, మన కన్నూ మోసపోతుంది. చీకటి గదిలో, నల్లటి ఇంటర్‌ఫేస్ నడుమ వెలుగుగా తోచిన ఫొటో తెల్లటి పేజీ మీదకు రాగానే మసకబారినట్టుంటుంది. చుట్టూ ఉన్న వెలుతురును బట్టి బొమ్మ కాంట్రాస్ట్ మారినట్టు తోస్తుందని 1967లోనే బార్టిల్‌సన్, బ్రెనెమన్ అనే పరిశోధకులు ప్రయోగాలతో చూపారు. పని ముగించే ముందు చుట్టూ బూడిద, తెలుపు నేపథ్యాలు పెట్టి ఒకసారి చూడటం అందుకే మంచిది.

ఇంత శ్రమ ఎందుకు, ఎక్స్‌పోర్ట్‌కు ముందు ఎక్స్‌పోజర్ కొంచెం పెంచితే పోతుందిగా అనేవాళ్లున్నారు. డ్రై-డౌన్ సవరణ కూడా అలాంటిదేగా అంటారు. కాదు. ఆ సవరణ ఒక కాగితాన్ని ఆరబెట్టి చూసి కొలిచినది. కారణం తెలియకుండా పెంచిన ఎక్స్‌పోజర్ ఒక ఫోన్‌లో బాగున్నా ఇంకో ఫోన్‌లో ముఖాలను తెల్లగా కొట్టేస్తుంది. పెళ్లి ఆల్బం నల్లగా వచ్చినప్పుడు ల్యాబ్‌ను తిట్టే ముందు మానిటర్ చూసుకోవాలి. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం తెర వెలుగును చదరపు మీటరుకు 80 క్యాండెలాలుగా తీసుకుంటుంది, ఫొటో పనికి 120 దాకా పెట్టుకుంటారు. పెట్టెలోంచి తీసిన మానిటర్ దానికి రెండింతలు వెలగడం మామూలే. అంత వెలుగులో దిద్దిన ఫైల్ నిజంగానే నల్లటి ఫైల్, ల్యాబ్ ఉన్నదున్నట్టు వేసింది. కావాలని చేసే మార్పు వేరు. 1941లో హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని తీసిన నెగెటివ్‌ను ఆడమ్స్ దశాబ్దాలపాటు ప్రింట్ చేస్తూ ఆకాశాన్ని అంతకంతకూ నల్లబరిచారు. కాగితం చేసే మార్పు ఎంతో, తాను కోరిన మార్పు ఎంతో విడిగా తెలిసిన మనిషి కాబట్టి ఆ స్వేచ్ఛ తీసుకోగలిగారు.

చూసేవాళ్ల ఫోన్లలో ఏ రెండూ ఒకేలా ఉండవన్నది గట్టి అభ్యంతరమే. కానీ ఫైల్ నడుమన ఉంటే ఆ తెరలు కొన్ని ఇటు, కొన్ని అటు తప్పుతాయి. ఫైలే ఒక పక్కకు ఒరిగి ఉంటే, అటే ఒరిగిన తెర మీద తప్పు రెట్టింపవుతుంది. ఫోన్లకూ వెబ్‌కూ ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ పొదిగిన ఫైల్ ఒకటి, ఆల్బంకు ల్యాబ్ ఇచ్చిన ప్రొఫైల్‌తో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపే నమూనా) చూసి తీసిన ఫైల్ వేరొకటి ఉంచుకోవాలి. మొత్తం ఆల్బం పంపేలోగా చీకటి దృశ్యం ఒకటి, తెల్లచీర దృశ్యం ఒకటి చిన్న ప్రింట్లు వేయించి, పగటి వెలుగులో చూస్తే చాలు.