‘ప్రజల మనిషి’: పుస్తకాల మూట మోసిన నవలాకారుడు

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ 1955లో వెలువడింది. తెలంగాణ జీవితాన్ని చిత్రించిన తొలి నవల అని విమర్శకులు దానికి పెద్దపీట వేశారు. పీట వేసినవాళ్ళలో చాలామంది అంతటితో తమ పని అయిపోయిందనుకున్నారు. ‘మొదటిది’ అన్న గౌరవమిచ్చి, శిల్పం మాట ఎత్తకుండా వదిలేయడం కూడా ఒక రకమైన చిన్నచూపే. ఈ నవలకు శిల్పం ఉందనీ, అది రచయిత బతుకులోంచి వచ్చిందనీ నా అభిప్రాయం. భివండిలో సాంచాల చప్పుడు మధ్య బతికే మనకు ఈ సంగతి మరింత అవసరం.

ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లాలో, నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఒక ఉపాధ్యాయుని ఇంట్లో వంట చేసి పెడుతూ చదువు నేర్చుకున్నారు. హోటల్లో సర్వరుగా పనిచేశారు. ‘గోలకొండ’ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, అచ్చయిన పుస్తకాలను మూటగట్టుకొని ఊరూరా తిరిగి అమ్మారు. నిజాం పాలన చివరి రోజుల్లో నిజామాబాద్ జైల్లో దాశరథి కృష్ణమాచార్యకు తోడుగా ఉన్నారు. దాశరథి చెప్పిన పద్యాలు బొగ్గుతో జైలు గోడల కెక్కించింది ఈయనే. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ను దాశరథి ఈయనకే అంకితమిచ్చారు.

ఇలాంటి మనిషికి నవల రాయాలన్న ప్రేరణ ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతకనక్కర లేదు. ఆశ్చర్యం ఆయన ఎంచుకున్న కాలం దగ్గర కలుగుతుంది. 1955 నాటికి తెలంగాణ సాయుధ పోరాటం ముగిసి నాలుగేళ్ళే అయింది. తుపాకుల కథ రాస్తే పాఠకులు ఎగబడి చదివే రోజులవి. ఆయన మాత్రం అంతకు ముందరి కాలానికి, 1940కి ముందరి రోజులకు వెళ్ళారు. దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దొర, వెట్టి, మత మార్పిడుల గొడవ, వీటన్నిటి మధ్య కంఠీరవం అనే యువకుడు. ఊరు తిరగబడటం కన్నా ముందు నోరు విప్పడం ఎలా నేర్చుకుందో చెప్పడమే ఈ నవల చేసిన పని. ఈ ఎంపికలోనే సగం శిల్పం ఉంది.

మిగతా సగం వివరంలో ఉంది. నేను లెక్కల మనిషిని, కామర్సు చదివినవాణ్ణి. నాకు ఈ నవలలో మొదట కనిపించేది పెత్తనం నడిచే తీరు. దొర బలమంతా కొరడాలోనే లేదు. పోలీసు అండ, అధికారి మర్యాద, ఎదురు చెప్పలేని వాడి అప్పు, ఇవన్నీ కలిస్తే దొర. దొరను రాక్షసుడిగా చిత్రించడం తేలిక. ఒక వ్యవస్థకు ప్రతినిధిగా చూపడానికి ఓపిక కావాలి. ప్రూఫులు దిద్దినవాడి ఓపిక అది.

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ (1969)తో పోల్చి చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. రంగాచార్య గారు పాణిని అనే గాయకుణ్ణి బయటినుంచి తెలంగాణ గడీలోకి తెచ్చి, అతని కళ్ళతో మనకు గడీని చూపించారు. చదివించే గుణం దానికే ఎక్కువ. ఆళ్వారుస్వామి అలాంటి అతిథిని ఎవరినీ పిలవలేదు. ఊరివాడి కష్టాన్ని ఊరివాడిగానే చెప్పారు.

లోపాలు లేవని కాదు. కంఠీరవం మరీ మంచివాడు. తనలో తాను కొట్టుమిట్టాడే ఘట్టాలు అతనికి తక్కువ. కొన్నిచోట్ల సంభాషణ సభలో ఉపన్యాసమై పోతుంది. కథనం చాలా వరకు శిష్ట వ్యావహారికంలో సాగడం వల్ల నల్లగొండ పలుకుబడి మనం ఆశించినంతగా వినిపించదు. కథను నడిపించడంలో స్త్రీలకు దక్కిన పాలు స్వల్పం. ఈ చివరి లోటు రచయితకూ తెలిసే ఉంటుందనుకుంటాను. తర్వాతి నవలకు ‘గంగు’ అని ఆడమనిషి పేరు పెట్టి, కథను 1940 తర్వాతి ఏళ్ళలోకి నడిపించారు. అది పూర్తి కాకుండానే 1961 ఫిబ్రవరి 5న కన్నుమూశారు. నలభై ఆరో ఏడు నిండలేదు. ‘గంగు’ ఆయన పోయిన తర్వాత అచ్చయింది.

మన దగ్గర కథలు రాసే కుర్రవాళ్ళున్నారు. నవల మాటెత్తితే తీరిక లేదంటారు, చదువు చాలదంటారు. పన్నెండు గంటల పాళీ చేసి వచ్చినవాడికి తీరిక లేదన్నది నిజమే, దాన్ని నేను తేలిక చేయను. కానీ వంటవాడిగా, సర్వరుగా, ఖైదీగా బతికిన మనిషికి మాత్రం తీరిక ఎవరిచ్చారు? ఆయన తన పనుల్లోంచే నవలకు కావలసిన చూపు తెచ్చుకున్నారు. మీటరు లెక్కన కట్టే కూలీ, సేటు దగ్గర తీసుకున్న బాకీ, బిస్సీలో తిండి ఖాతా, పగటి పాళీవాడు లేవగానే అదే చాపమీద వాలే రాత్రి పాళీవాడు, ఊళ్ళో పెళ్ళికి పంపాల్సిన డబ్బు: ఇవి వట్టి వివరాలు కావు. మన పద్మనగర్‌లో పెత్తనం ఎలా నడుస్తుందో చెప్పే పద్దులు. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి మన పెద్దలు ఇక్కడికెందుకు వచ్చారన్న ప్రశ్నకు సగం జవాబు ‘ప్రజల మనిషి’లో ఉంది. వచ్చాక ఏమైందన్న మిగతా సగం మనవాళ్ళే రాయాలి.

అందుకు 1984 అల్లర్లతోనే మొదలుపెట్టనక్కర లేదు. ఆళ్వారుస్వామి లాగా అంతకు ముందరి మామూలు రోజులతో మొదలుపెట్టవచ్చు. కార్ఖానాలో ఒకడు తన కూలీ లెక్క తానే రాసుకొని, "సేట్, ఇది తప్పు" అని మొదటిసారి అన్న రోజు ఒకటి ఉండే ఉంటుంది. నవల అక్కడ మొదలైనా చాలు.