అర్నవ్ సింగ్ రాయ్‌జాదా: గాయం, దేవుడు, మగతనం

అర్నవ్ సింగ్ రాయ్‌జాదా ‘ఇస్ ప్యార్ కో క్యా నామ్ దూఁ?’ అనే హిందీ సీరియల్ నాయకుడు. అది స్టార్ ప్లస్‌లో 2011 జూన్ 6న మొదలై 2012 నవంబరు 30న ముగిసింది. అర్నవ్‌గా బరుణ్ సోబ్తీ, ఖుషీ కుమారీ గుప్తాగా సనాయా ఇరానీ నటించారు. తెలుగు ఇళ్లకు ఈ జంట మా టీవీలో వచ్చిన ‘చూపులు కలిసిన శుభవేళ’ అనే డబ్బింగ్ సీరియల్‌తో చేరింది.

డబ్బు, పొగరు, ముక్కుమీద కోపం ఉన్న మగవాడు, పక్కన మధ్యతరగతి అమ్మాయి. ఈ మూస పాతదే. 1847లో షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఎయిర్’లో రాచెస్టర్ ఇలాంటివాడే. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ చదివినవారికి రాజశేఖరం, అతని ఆఫీసులో చేరిన జయంతి గుర్తుంటారు. ఖుషీ కూడా అర్నవ్ ఫ్యాషన్ కంపెనీ ఏఆర్ డిజైన్స్‌లో ఉద్యోగానికి చేరుతుంది. అందుకే లక్నో, ఢిల్లీల్లో నడిచే ఈ కథ తెలుగు ప్రేక్షకులకు పరాయిదిగా అనిపించలేదు. అయితే రచయితలు పాత మూసలో ఒక కొత్త ముడి వేశారు. ఇతనికి దేవుడంటే గిట్టదు. ఆమె నిద్రలేచింది మొదలు తాను ‘దేవీ మయ్యా’ అని పిలుచుకునే అమ్మవారితో మాట్లాడుతూనే ఉంటుంది.

అర్నవ్ నాస్తికత్వం పుస్తకాలు చదివి తెచ్చుకున్నది కాదు. అక్క అంజలి పెళ్లిరోజున తండ్రికి ఇంకొక స్త్రీతో సంబంధం ఉందని బయటపడుతుంది. తల్లి ప్రాణం తీసుకుంటుంది. తండ్రీ పోతాడు. పుట్టి పెరిగిన శీష్ మహల్ నుంచి బాబాయి అక్కాతమ్ముళ్లను గెంటేస్తాడు. ఒక్కరోజులో పెళ్లి మీద, దేవుడి మీద, తండ్రి అన్న మాట మీద నమ్మకం పోయింది. తండ్రి ఇంటిపేరు మల్లిక్. కొడుకు దాన్ని వదిలేసి తల్లివైపు వాళ్ల రాయ్‌జాదాను తగిలించుకున్నాడు. వంశం పేరు నిలబెట్టడమే మగవాడి ధర్మమని ఉత్తరాది సీరియళ్లు ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ చెబుతున్న రోజుల్లో, తండ్రి పేరునే తుడిచేసుకున్న నాయకుణ్ణి పెట్టడం చిన్న సాహసం కాదు. ఈ సీరియల్ రాసినవాళ్లకు దక్కాల్సిన మెప్పు ఇంకా దక్కలేదు.

భక్తిని చూపిన తీరులో మరో మెచ్చదగిన పని ఉంది. అంజలి భర్త శ్యామ్ మనోహర్ ఝా వకీలు. మాట తేనె. పూజల్లో భార్య పక్కన బుద్ధిగా కూర్చుంటాడు, ఆమెను ‘రాణీ సాహిబా’ అని పిలుస్తాడు. కథలో విలన్ అతనే. పెళ్లయిన సంగతి దాచి ఖుషీ వెంటపడేదీ అతనే. దండం పెట్టని అర్నవ్ అక్క కోసం ప్రాణమిస్తాడు, హారతి కళ్లకద్దుకునే శ్యామ్ ఆమెను రోజూ మోసం చేస్తాడు. దైవభక్తికీ మంచితనానికీ మధ్య ఇంత ఎడం చూపించిన సీరియళ్లు అరుదు. అలాగని భక్తిని వెక్కిరించిందీ లేదు. ఖుషీ భక్తిలో చిన్నపిల్ల చనువుంది. అమ్మవారితో అలుగుతుంది, పోట్లాడుతుంది, పోయిన తల్లిదండ్రులను నక్షత్రాల్లో వెతుక్కుంటుంది. తీజ్ నాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండి కళ్లు తిరిగి పడబోతే అర్నవ్ పట్టుకుని నీళ్లు తాగిస్తాడు. ఆ ఉపవాసం భర్త చేతి నీళ్లతో విడవడం ఆచారం. ఆ సంగతి పట్టని మనిషి చేతుల మీదుగానే ఆ తంతు జరిగిపోయింది. ఇద్దరూ దగ్గరైనప్పుడల్లా వెనక వినిపించే పాట కూడా దేవుణ్ణి పిలిచేదే.

మగతనం సంగతికొస్తే, సూటూబూటూ, అరుపులూ, ఆర్డర్లూ పైకి కనిపించేవి. లోపలి మనిషిని రచయితలు చిన్న వస్తువులతో పట్టిచ్చారు. అర్నవ్‌కు డయాబెటిస్. వేళకు తినకపోతే ఒళ్లు తూలుతుంది, మందు అందకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఖుషీ మిఠాయి కొట్టు నడిపే ఇంట్లో పెరిగిన పిల్ల. మనసు బాగాలేకపోతే మూకుడు పెట్టి జిలేబీలు చుట్టడం ఆమెకు అలవాటు. అంటే ఆమె దుఃఖం పాకంలో మునిగి తేలితే, అందులో ఒక్క ముక్క కూడా అతను నోట పెట్టుకోకూడదు. తనను ఇంకొకరు కనిపెట్టుకోవడం అవసరమని ఒప్పుకోని మగవాడికి, ఒంట్లోంచే ఆ అవసరాన్ని పుట్టించారు. అతను మొక్కలకు నీళ్లు పోస్తూ కనిపించే కొద్దిపాటి దృశ్యాల్లో ముఖంలోని బిగువు సడలుతుంది. బరుణ్ సోబ్తీ నటన బాగా పండింది ఇలాంటి చోట్లే.

కథలో అసలు మచ్చ గుడిలో జరిగిన పెళ్లి. శ్యామ్ ఖుషీని కౌగిలించుకోవడం చూసి ఆమెదే తప్పనుకుంటాడు అర్నవ్. ఆమె అక్క పాయల్‌కూ తన తమ్ముడి వరసైన ఆకాశ్‌కూ పెళ్లి జరుగుతున్న రోజున ఆమెను గుడికి తీసుకెళ్తాడు. ఆరు నెలలు భార్యగా ఉండాలి, లేదంటే పాయల్ పెళ్లి ఆగిపోతుందని బెదిరిస్తాడు. నమ్మని దేవుడి ముందు నమ్మని తాళి కడతాడు. రోజూ ఆ దేవుడికి మొక్కుకునే అమ్మాయి నోరెత్తలేని స్థితిలో నిలబడి ఉంటుంది. తండ్రి తల్లికి చేసినట్టే, ఇతనూ పెళ్లిని ఒక ఆడమనిషిని నరకంలోకి నెట్టే పనిముట్టు చేసుకున్నాడు. ఈ పోలిక కథలోనే ఉన్నా రచయితలు దాన్ని అర్నవ్ చేత గట్టిగా ఒప్పించలేదు. చిన్నప్పటి గాయం చూపించారు, ప్రేక్షకులు జాలిపడ్డారు, బలవంతం ఆ జాలిలో కలిసిపోయింది. గాయం వల్ల అతని కోపం అర్థమవుతుంది. ఖుషీ ఒప్పుకోలు లేకుండా తాళి కట్టే హక్కు మాత్రం దానివల్ల రాదు.

తరువాత శ్యామ్ గుట్టు రట్టవుతుంది. అర్నవ్, ఖుషీ అందరి ముందు మళ్లీ పెళ్లి చేసుకుంటారు. అతను భక్తుడైపోడు. ఆమె కోసం పూజల్లో నిలబడతాడంతే. రాచెస్టర్ చివరికి చూపు పోగొట్టుకున్నాక ప్రార్థన మొదలుపెట్టానని చెబుతాడు. అర్నవ్‌ను అలా మోకరిల్లజేయకపోవడం మంచి నిర్ణయం. కానీ ఏడాదిన్నర సాగిన కథలో ప్రేమ చూపులకు దొరికినంత నిడివి, ఆ గుడి పెళ్లికి అర్నవ్ ఖుషీని క్షమాపణ అడగడానికి దొరకలేదు. ఈ మూసలో మరో నాయకుణ్ణి రాసే తెలుగు రచయితలు ముందుగా ఆ ఒక్క సన్నివేశం రాసిపెట్టుకుని, మిగతా కథ తరువాత మొదలుపెట్టాలి.